పదిమంది కూర్చునే కుర్చీ, ఒక్కరి కోసం చేసిన కంప్యూటర్

సంక్రాంతికి వచ్చిన మా బావమరిది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లతో (కంప్యూటర్‌ని నడిపించే విండోస్ లాంటి మూల సాఫ్ట్‌వేర్‌లతో) నేను కంప్యూటర్ సర్వీసు చేసే కొట్లవాళ్లు పడే అవస్థ గురించి నేను చెబుతుంటే అంతా విని, "అదంతా అలవాటే బావా. కొత్తది ఏదొచ్చినా ముందు తిడతారు, ఆర్నెల్లు పోయాక అదే బాగుందంటారు" అన్నాడు. విండోస్ 8 సంగతి ఎత్తాడు. 2012లో స్టార్ట్ బటన్ తీసేస్తే అందరూ గోల పెట్టారు, మరుసటి ఏడాది 8.1లో బటన్ తిరిగొచ్చింది, జనం అడిగారు, కంపెనీ వింది, ఇంకేం కావాలి అని అతని వాదన.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. విండోస్ 11లో రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ కోసం ఇంకో క్లిక్ కొట్టాలి. ఆ వెర్షన్ వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ను పక్కకి జరుపుకునే వీలు తీసేశారు. సెట్టింగులు కొన్ని కొత్తచోట, కొన్ని పాత కంట్రోల్ ప్యానెల్లో ఉండటం విండోస్ 8 నాటి నుంచీ నడుస్తూనే ఉంది. ఇవి చికాకు పెడతాయి. కానీ కొన్నాళ్లకి చెయ్యి అలవాటు పడుతుంది. వీటి గురించి నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను.

నా పేచీ వేరే రకం డిజైన్‌తో. అది ఎప్పటికీ అలవాటు కాదు. ఎందుకంటే అది ఒకే ఒక మనిషిని, అతని సొంత కంప్యూటర్‌ను మనసులో పెట్టుకుని చేసింది. ఆ మనిషికి కరెంటు పోదు, నెట్ ఆగదు, ఎదురుగా నిలబడి ఎవరూ తొందరపెట్టరు, తెర మీద వచ్చే ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పే హక్కు అతనికే ఉంటుంది. నేను గుంటూరులో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ సర్వీసు చేస్తున్నాను. కంప్యూటర్లో అచ్చు పేజీలు కట్టే అరండల్‌పేట డీటీపీ సెంటర్లు, బ్రాడీపేట జిరాక్సు కొట్లు, మిర్చి యార్డు కమీషన్ కొట్లు, ఇవే నా తిండి. వీటిల్లో అలాంటి మనిషి నాకు ఎక్కడా కనపడలేదు. పొద్దున ఓనర్ భార్య కూర్చుంటుంది, మధ్యాహ్నం ఆపరేటర్, సాయంత్రం ఓనర్. మధ్యలో "ఒక్క నిమిషం అన్నా, నేను ఓపెన్ చేస్తా" అంటూ మౌస్ అందుకునే కస్టమర్.

ఒకరికి వచ్చిన అలవాటు తర్వాత కూర్చునేవాళ్లకు రాదు. ఒకరు ఇచ్చిన అనుమతి ఫలితం ఇంకొకరు అనుభవిస్తారు. మా బావమరిది వాదన తప్పేది ఇక్కడే.

ఎవరిని అడుగుతోంది?

విండోస్ ప్రో కొత్తగా పెట్టేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. ఇది సొంత వాడకానికా, లేక ఆఫీసు లేదా స్కూలు కోసమా? రెండోది ఎంచుకుంటే ఆ సంస్థ ఇచ్చిన ఖాతా అడుగుతుంది. అంటే వెనకాల ఐటీ విభాగం ఉన్నవాళ్ల కోసం అన్నమాట. మొదటిది ఎంచుకుంటే ఒక మనిషి, అతని ఈమెయిలు, అతని ఫోన్ నంబరు. హోమ్ ఎడిషన్‌లో అయితే ఆ ప్రశ్న కూడా ఉండదు, నేరుగా సొంత ఖాతాకే వెళ్తుంది. ముగ్గురు మనుషులు, రెండు ప్రింటర్లు, రోజంతా వచ్చిపోయే పెన్ డ్రైవులు ఉన్న జిరాక్సు కొట్టు ఈ రెండిట్లో దేని కిందికి వస్తుంది? దేని కిందికీ రాదు. నాకు తెలిసిన కొట్లన్నీ గత్యంతరం లేక "సొంత వాడకం" కింద నడుస్తున్నాయి.

దాని ఫలితం ఒకటి చెబుతాను. బ్రాడీపేటలో భార్యాభర్తలు నడిపే జిరాక్సు కొట్టు ఒకటుంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే వాళ్లబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు కొత్త సిస్టమ్ కొని, తన ఈమెయిలుతోనే సెట్ చేసి వెళ్లాడు. కొన్నాళ్లకి తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, నా ఫోన్‌లో ఎవరెవరివో ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, మార్కుల లిస్టులు కనపడుతున్నాయి." సంగతేంటంటే, కొట్లో స్కాన్ చేసిన ప్రతి కాగితం డెస్క్‌టాప్ మీద పడేస్తారు. డెస్క్‌టాప్ మొత్తం క్లౌడ్ బ్యాకప్‌లోకి, అంటే నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో దాచే కాపీలోకి, పోయేలా మొదటే సెట్ అయిపోయి ఉంది. ఆ అబ్బాయి ఫోన్‌లోనూ అదే ఖాతా.

నేను వెళ్లి బ్యాకప్ ఆపేశాను. ఆపగానే డెస్క్‌టాప్ మీద ఉన్న ఫైళ్లన్నీ మాయమయ్యాయి. నిజానికి పోలేదు, క్లౌడ్ పేరుతో ఉన్న వేరే ఫోల్డర్లో ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకెలా తెలుస్తుంది? "మధ్యాహ్నం వస్తానన్న పిల్లాడి హాల్ టికెట్ అందులోనే ఉంది బాబూ" అంటూ ఆవిడ పడిన టెన్షన్ చూశాక ఆ డిజైన్ చేసినవాళ్లని ఒక్కసారి ఆ కౌంటర్ వెనకాల కూర్చోబెట్టాలనిపించింది.

బ్యాకప్ చెడ్డదని నేను అనను. హార్డ్ డిస్క్ పోయి పిల్లల ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లు ఏడవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒంటరిగా ఒక ల్యాప్‌టాప్ వాడుకునే మనిషికి అది నిజంగా మేలు చేస్తుంది. కానీ ఇక్కడ ఆ కాగితాలు ఎవరివి? అయిదు రూపాయలిచ్చి ఆధార్ కాపీ తీయించుకున్న మనిషివి. అనుమతి ఇచ్చింది బెంగుళూరు కుర్రాడు. అదీ సెటప్‌లో వరసగా వచ్చే తెరల మధ్య, దేనికి ఒప్పుకుంటున్నాడో సరిగ్గా చూడకుండా. కాగితం ఎవరిదో ఆ మనిషిని ఎవరూ అడగలేదు, అడిగే దారి కూడా ఆ డిజైన్‌లో లేదు.

ఇంకొకటి, విండోస్ వాడే అందరికీ తెలిసిన తెర. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే "మీ సెటప్ పూర్తి చేద్దాం" అని నిండుగా వస్తుంది. కొనసాగించమనే బటన్ ఒకటి, "3 రోజుల తర్వాత గుర్తుచేయి" అనేది ఇంకొకటి. ఇక ఎప్పుడూ అడగొద్దు అని చెప్పే దారి ఆ తెర మీద లేదు. ఇంట్లో ఒక్కరే వాడేవాళ్లకి ఇది విసుగు. కొట్లో అయితే భయం. ఆ సమయానికి కుర్చీలో ఉండేది నెల జీతానికి పనిచేసే ఆపరేటర్. ఏది నొక్కితే ఓనర్ ఏమంటాడో అని వాళ్లు తెరని ఫోన్‌తో ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపుతారు. "అన్నా, ఏది నొక్కమంటారు?" జీతగాళ్లని యజమాని తరఫున సంతకం పెట్టమని అడగడం లాంటిది ఇది.

మూసేసినా ఒప్పుకున్నట్టు లెక్కగట్టిన సందర్భం కూడా ఉంది. 2016లో విండోస్ 10కి మారమని వచ్చే పెట్టెలో మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కితే, అప్పటికే ఖరారు చేసిన అప్‌గ్రేడ్ రద్దు కాలేదు, అలాగే జరిగిపోయింది. దశాబ్దాలుగా ఆ గుర్తుకి ఉన్న అర్థం "వద్దు, మూసెయ్". కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ తను అడగని అప్‌గ్రేడ్ వల్ల వ్యాపారం దెబ్బతిందని కోర్టుకి వెళ్లింది. 10,000 డాలర్ల పరిహారం వచ్చింది. ఆవిడదీ చిన్న వ్యాపారమే, కౌంటర్ మీది కంప్యూటరే. ఇది మన ఊరి వెనకబాటుతనం కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

కాపీ మీద కళ్లు

డీటీపీ ఆపరేటర్ పని దగ్గరుండి చూడనివాళ్లకి ఒక విషయం తెలియదు. మంచి ఆపరేటర్ తెర వైపు చూడదు. చేతిరాత కాగితాలు పక్కన పెట్టుకుని, కళ్లు వాటి మీదే ఉంచి, వేళ్లతో అను ఫాంట్‌లో (డీటీపీ కొట్లు వాడే తెలుగు అక్షరాల సెట్టు) టైపు చేసుకుంటూ పోతుంది. పేరా అయ్యాక తలెత్తుతుంది. అరండల్‌పేటలో నాకు బాగా తెలిసిన ఒకమ్మాయి పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అలా కొడుతుంటే కీబోర్డు చప్పుడు తెంపు లేకుండా వినపడుతుంది.

అలాంటి వేళ్ల మధ్యలోకి ఒక పెట్టె దూకుతుంది. ఏదో కొత్త వెర్షన్ వచ్చిందనో, దేనికో అనుమతి కావాలనో. దూకిన క్షణం నుంచి కొట్టిన అక్షరాలన్నీ పేజీలోకి పోవు, ఆ పెట్టెలోకి పోతాయి. స్పేస్ బార్ తగలగానే అప్పటికి వెలుగుతున్న బటన్ నొక్కినట్టవుతుంది. ఎంటర్ తగిలినా అంతే. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: "అన్నా, ఏదో వచ్చింది, ఏదో నొక్కుకుపోయింది, ఏం వచ్చిందో నేను చూడనే లేదు." ఇందులో ఆమె చేసిన తప్పు ఏమీ లేదు. తన పని తను సరిగ్గా చేస్తున్నందుకే ఇది జరిగింది. తెర చూస్తూ నెమ్మదిగా కొట్టేవాళ్లకి ఈ దెబ్బ తగలదు.

ఇది కొత్తగా బయటపడిన సమస్య కాదు. ఒక ప్రోగ్రాం తనంతట తాను ముందుకి దూకకూడదని, టాస్క్‌బార్‌లో మెరుస్తూ పిలుపు కోసం ఆగాలని విండోస్ 98, 2000 కాలంలోనే నియమం పెట్టారు. ఆ నియమానికి మినహాయింపులూ అప్పటి నుంచే ఉన్నాయి, ఆ సందుల్లోంచే ఇప్పటికీ పెట్టెలు దూకుతున్నాయి. దీనికి మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో కొన్ని ముఖ్యమైన పెట్టెలు వచ్చినప్పుడు బటన్లు వెంటనే పనిచేయవు, కాస్త ఆగి అప్పుడు వెలుగుతాయి. పొరపాటున తగిలిన కీ సమ్మతి అయిపోకుండా ఉండటానికే అది. ఆ కాస్త ఆలస్యం ఆపరేటింగ్ సిస్టమ్‌లో వచ్చే ప్రతి పెట్టెకీ పెడితే ఎవరికి నష్టం?

తెలుగు టైపు చేసేవాళ్లకి ఇంకో ప్రత్యేకమైన బాధ ఉంది. సిస్టమ్‌లో ఇంగ్లీషుతో పాటు తెలుగు కీబోర్డు కూడా చేర్చుకుంటే ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఒక దాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. ఎవరో పెట్టిన షార్ట్‌కట్, సరే. కానీ ఫోటోలు దిద్దే ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఒక ఫోటోని కొలత చెడకుండా మధ్య నుంచి పెంచాలంటే పట్టుకునేవి కూడా ఆల్ట్, షిఫ్టే. శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ కాస్త పెద్దది చేసి, వేళ్లు తీయగానే కీబోర్డు తెలుగులోకి మారిపోతుంది. మూలన చిన్న అక్షరాల్లో తప్ప ఎక్కడా చెప్పదు. తిరిగి పేజ్‌మేకర్‌లోకి వచ్చి కొడితే వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. పేజ్‌మేకర్, అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి కోడ్ అయిన యూనికోడ్ రాకముందు పద్ధతిలో కట్టిన సాఫ్ట్‌వేర్, సిస్టమ్ పంపే యూనికోడ్ తెలుగు అక్షరం దానికి అర్థం కాదు, అందుకని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం. పాస్‌వర్డ్ కొట్టే చోట అయితే అది కూడా కనపడదు, చుక్కలే. తప్పు తప్పు అంటుంది. ఉద్యోగానికి అప్లై చేయడానికి వచ్చిన కుర్రాడు తన పాస్‌వర్డ్ తనే మర్చిపోయానేమో అని తల పట్టుకుంటాడు.

ఆ షార్ట్‌కట్ తీసేయొచ్చు. నేను తీసేస్తాను. కానీ అది సెట్టింగుల్లో ఎంత లోపల దాక్కుని ఉందో చూస్తే, రెండు భాషల్లో బతికేవాళ్లు ఆ డిజైన్ బల్ల దగ్గర ఒక్కరు కూడా లేరేమో అనిపిస్తుంది.

ప్రింటర్ల కథ త్వరగా చెప్పేస్తాను. ఒక కొట్లో లేజర్ ప్రింటర్ మామూలు కాగితాలకి, కలర్ ప్రింటర్ కార్డు ప్రూఫులకి. మనం వేరేది చెప్పకపోతే కాగితం వెళ్లే ప్రింటర్‌ని డిఫాల్ట్ అంటారు. "డిఫాల్ట్ ప్రింటర్‌ని నేనే చూసుకుంటాను" అని సిస్టమ్‌లో ఒక సెట్టింగు ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చివరిసారి దేనిమీద కొట్టారో అదే డిఫాల్ట్ అవుతుంది. కార్డు ప్రూఫు తీశాక ఒక విద్యార్థి ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇచ్చాడు. అంతా కలర్ ఇంకుతో అచ్చయింది. ఆ డబ్బు ఆపరేటర్ జీతంలో కోశారు. ఈ సెట్టింగు వెనకున్న ఆలోచన నాకు అర్థమవుతుంది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికీ ఆఫీసుకీ తిరిగే మనిషికి ఎక్కడున్నా దగ్గర్లోని ప్రింటర్ దొరకాలని. మళ్లీ అదే మనిషి. బల్ల మీంచి కదలని కంప్యూటర్‌కి, పక్కపక్కనే ఉన్న రెండు ప్రింటర్లకి ఆ తెలివి చేటు.

సీజన్లో అప్‌డేట్

ఇక అందరూ తిట్టే సంగతి. ఇందులో నాకే రెండు మనసులు ఉన్నాయి, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డుకి సరుకు దండిగా వస్తుంది. ఆ రోజుల్లో కమీషన్ కొట్లో గుమస్తా తలెత్తడు. కాటా అయిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఎక్కించి, రైతుకి పట్టీ (అమ్మకం లెక్క చీటీ) తీసి ఇవ్వాలి. రైతు రాత్రంతా బండి మీద వచ్చి ఉంటాడు, తిరిగి వెళ్లాలి. అలాంటి ఒక రోజు నేను వేరే పనిమీద ఆ కొట్లోనే ఉన్నాను. సిస్టమ్ రీస్టార్ట్ అయింది. శాతాలు ఎక్కుతున్నాయి, "కంప్యూటర్ ఆపవద్దు" అని రాసి ఉంది. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. మన చిన్న కొట్లలో వాడే యూపీఎస్ ఎంతసేపు మోస్తుందో అందరికీ తెలుసు. శాతం కదలదు, యూపీఎస్ చప్పుడు దగ్గర దగ్గరగా రావడం మొదలైంది. గుమస్తాగారు నా వైపు చూస్తారు, రైతులు గుమస్తాగారి వైపు చూస్తారు. నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఇందులో సాంకేతికంగా ఒక లోపం ఉంది, అది ఎవరూ మాట్లాడరు. ల్యాప్‌టాప్ అయితే తను బ్యాటరీ మీద ఉన్నానని దానికి తెలుసు, దాన్ని బట్టి నడుచుకుంటుంది. యూపీఎస్ మీద నడిచే డెస్క్‌టాప్‌కి, మధ్యలో యూఎస్‌బీ కేబుల్ ఉంటే తప్ప, కరెంటు పోయిందన్న సంగతే తెలియదు. చవక యూపీఎస్‌లకి ఆ కేబుల్ పెట్టుకునే చోటే ఉండదు. కాబట్టి కరెంటు మీద నమ్మకం లేని చోట అప్‌డేట్ మొదలుపెట్టే ముందు మనిషిని అడగడం ఒక్కటే దారి.

ఇప్పుడు రెండో మనసు. 2017 మేలో వాన్నాక్రై వచ్చింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే వైరస్. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని అప్పుడు పేపర్లలో వచ్చింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్ ఆ మార్చిలోనే విడుదలైంది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. వేసుకోనివాళ్లు మునిగారు. "ఈ అప్‌డేట్లు శాశ్వతంగా ఆపెయ్ తమ్ముడూ" అని అడిగే ఓనర్లు నాకు వారానికొకరు తగులుతారు. నేను ఆపను, ఎందుకు ఆపనో చెప్తాను. మనుషులకే వదిలేస్తే ఎవరూ వేసుకోరని కంపెనీ అనుకోవడంలో తప్పులేదు, నా అనుభవం కూడా అదే.

కానీ భయపడే ఓనర్ కూడా తెలివితక్కువవాడు కాదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు తుడిచేసింది. కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది. ఒకే ఇంజెక్షన్‌లో మందూ, అడగని ఇంకేదో కలిపి ఇస్తుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. భద్రత కోసం వేసే ప్యాచ్ వేరు, మెనూల ఆకారం మార్చే అప్‌డేట్ వేరు. మొదటిది తప్పనిసరి చేయండి, నేను మీ తరఫున ఓనర్లతో వాదిస్తాను. రెండోది అడిగినవాళ్లకే ఇవ్వండి. ఇవి రెండూ ఒకే గొట్టంలోంచి, ఒకే పేరుతో వస్తున్నంతకాలం జనం రెండిట్నీ ఆపమనే అడుగుతారు.

ఫలానా గంటల్లో రీస్టార్ట్ చేయొద్దని చెప్పుకునే వీలు విండోస్ 10లో 2016లో వచ్చింది. హోమ్ ఎడిషన్ వాళ్లు అప్‌డేట్లని కొన్నాళ్లు నిలిపివేసుకునే వీలు 2019లో వచ్చింది. అంటే చెబితే వింటారు, మా బావమరిది అన్నదాంట్లో ఆ మేరకి నిజం ఉంది. కానీ ఆ గంటలు ఆఫీసు గడియారాన్ని బట్టి పెట్టుకునేవి. యార్డు కొట్టుకి సీజన్లో ఒక లెక్క, సీజన్ అయ్యాక ఇంకో లెక్క. "ఇప్పుడు పనిలో ఉన్నాం, పూర్తయ్యాక మేమే చెబుతాం" అనే మాటకి చోటు కావాలి.

దాచిన చివరి మూడక్షరాలు

ఈ మొత్తం జాబితాలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది చాలామంది గమనించనే గమనించరు. ఫైలు పేరు చివర ఉండి, అది ఏ రకం ఫైలో చెప్పే ఎక్స్‌టెన్షన్‌ని విండోస్ 95 నుంచి ఇప్పటి 11 దాకా మామూలుగా దాచే ఉంచుతారు. చూడటానికి శుభ్రంగా ఉంటుందని, పేరు మార్చేటప్పుడు పొరపాటున చెరిపేయకుండా ఉంటారని.

2000 మేలో ప్రపంచాన్ని అతలాకుతలం చేసిన "ఐ లవ్ యూ" వైరస్ ఈ దాపరికం మీదే బతికింది. పేరులో చివరికి టీఎక్స్‌టీ అని కనపడుతుంది, మామూలు ఉత్తరం అనుకుని తెరుస్తారు. దాని వెనక దాగిన అసలు ఎక్స్‌టెన్షన్ వీబీఎస్, అంటే నడిచే ప్రోగ్రాం. తర్వాత మన జిరాక్సు కొట్లలో అదే కథ పెన్ డ్రైవుల రూపంలో నడిచింది. ఫోల్డర్ బొమ్మ వేసుకుని "న్యూ ఫోల్డర్" అనే పేరుతో కూర్చునే ఫైలు, నిజానికి ఈఎక్స్‌ఈ, అంటే ఇదీ నడిచే ప్రోగ్రామే. హాస్టల్ పిల్లలు తెచ్చే ప్రతి రెండో పెన్ డ్రైవులో ఉండేది. ఆపరేటర్ దాన్ని ఫోల్డర్ అనుకుని తెరవడం, సిస్టమ్ నిండా పాకడం, అక్కడినుంచి తర్వాత వచ్చిన ప్రతి పెన్ డ్రైవుకీ ఎక్కడం. ఊళ్లో ఒక హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కి వైరస్ మా కొట్ల ద్వారానే వెళ్లేది. షార్ట్‌కట్ ఫైలు (ఇంకో ఫైలుకి దారి చూపే చిన్న ఫైలు) రూపంలో వచ్చే వైరస్‌లు మరీ ఘోరం. ఎక్స్‌టెన్షన్లు చూపించమని సెట్టింగు మార్చినా ఆ ఫైళ్లకుండే ఎల్‌ఎన్‌కే అనే చివరిభాగం మాత్రం చూపించదు.

డిఫాల్ట్, అంటే కంపెనీ ముందే పెట్టి ఇచ్చే అమరిక, మారిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పే ఉదాహరణ కూడా ఇదే కథలో ఉంది. పెన్ డ్రైవు పెట్టగానే అందులోని ప్రోగ్రాం దానంతటదే నడిచే ఆటోరన్‌ని విండోస్ 7లో పెన్ డ్రైవులకి ఆపేశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకి కూడా అప్‌డేట్‌గా పంపారు. ఆ తర్వాత నాకు పెన్ డ్రైవు వైరస్ కాల్స్ తగ్గడం నేను కళ్లారా చూశాను. ఎవరికీ పాఠాలు చెప్పక్కర్లేకపోయింది, ఎవరూ జాగ్రత్తలు నేర్చుకోనక్కర్లేకపోయింది. ఎక్కడో కూర్చున్న ఎవరో ఒక మీట మార్చారు, బ్రాడీపేటలో కొట్లు బాగుపడ్డాయి. అది చేయగలిగినవాళ్లు ఎక్స్‌టెన్షన్లు చూపించడం మాత్రం ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డబ్బు కట్టారా, లైనక్స్ పెట్టుకోవచ్చుగా

ఈ రెండు మాటలూ తప్పకుండా వస్తాయి కాబట్టి ముందే చెబుతాను. కొట్లలో చాలాచోట్ల నడిచేవి దొంగ కాపీలు, డబ్బు కట్టనివాళ్లకి అడిగే హక్కేముంది అంటారు. దొంగ కాపీలు ఉన్నాయి, నిజమే, వాటిని నేను సమర్థించను. కానీ పైన నేను చెప్పిన బ్రాడీపేట కొట్లో ఉన్నది బిల్లుతో కొన్న అసలు సిస్టమ్. డబ్బు కట్టినవాళ్లకీ ఇవన్నీ అలాగే వస్తాయి.

విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ పెట్టాను, కొన్నిచోట్ల బాగానే నడుస్తోంది. నెట్ చూసుకోవడానికి, దరఖాస్తులు నింపడానికి దానికి వంక పెట్టలేను. డీటీపీ దగ్గరే ఆగిపోతాను, పేజ్‌మేకర్ ఫైళ్లూ అను ఫాంట్లూ లేకుండా ఆ కొట్లు ఒక్కరోజు నడవవు. పైగా అక్కడి డిజైనర్లు కూడా దేవుళ్లు కారు. 2011లో గ్నోమ్ 3 (లైనక్స్‌లో తెర, మెనూలు చూపించే సాఫ్ట్‌వేర్) మినిమైజ్ బటన్ తీసేసింది. 2012లో ఉబుంటు అనే లైనక్స్ రకం, మన కంప్యూటర్లో మన ఫైలు వెతుక్కుంటే అమెజాన్ సరుకులు కూడా చూపించింది. ఆపిల్ మ్యాక్‌లో ఒకే పేరున్న రెండు ఫోల్డర్లలో ఒకదాన్ని ఇంకోదాని మీద కాపీ చేసి "రీప్లేస్" అంటే రెండూ కలవవు, పాత ఫోల్డర్‌లో ఉన్నదంతా పోతుంది. విండోస్‌లో కలపడం అలవాటైన ఆపరేటర్‌కి అది గుండె ఆగే సంగతి. ఒక కంపెనీ మీద కోపంతో రాస్తున్నది కాదు ఇది.

బావమరిది అడిగిన చివరి ప్రశ్న

"ఒకే సిస్టమ్‌కి నలుగురి పేరుతో నాలుగు ఖాతాలు పెట్టుకోవచ్చుగా బావా, ఆ సదుపాయం ఎప్పటి నుంచో ఉంది" అని కూడా అన్నాడు. ఉంది. పెట్టి చూశాను. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉంటే ఖాతా మార్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఆపరేటర్ సగంలో వదిలిన పేజీ ఓనర్ ఖాతాలో కనపడదు. ప్రింటర్ ఒక ఖాతాలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటుంది. వచ్చిపోయేవాళ్ల కోసం ఉన్న గెస్ట్ ఖాతా కూడా విండోస్ 10లో ఎత్తేశారు. పనిని ముక్కలు చేసుకోకుండా నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చునే పద్ధతి ఆ ఖాతాల్లో లేదు.

నాకు కావలసింది చెప్పమన్నాడు, చెప్పాను. సెటప్‌లో మూడో జవాబు ఒకటి ఉండాలి: ఇది కొట్టు. అది నొక్కితే క్లౌడ్ బ్యాకప్ దానంతటది మొదలు కాకూడదు. సిస్టమ్ ఖాతాల గురించీ, కంపెనీ అమ్మజూపే వాటి గురించీ వచ్చే ప్రశ్నలు ఓనర్ పాస్‌వర్డ్ కొట్టినప్పుడే రావాలి, ఆపరేటర్‌కి కనపడనే కూడదు. డిఫాల్ట్ ప్రింటర్ మనిషి మారిస్తేనే మారాలి. ఎక్స్‌టెన్షన్లు కనపడాలి. టైపు జరుగుతుండగా వచ్చిన పెట్టె ఏ కీనీ వెంటనే తీసుకోకూడదు. రీస్టార్ట్ ఎంతసేపు పడుతుందో ముందే చెప్పి, కుర్చీలో ఉన్న మనిషి సరే అన్నాకే జరగాలి, ఎంతకీ అనకపోతే ఓనర్‌కి కబురు వెళ్లాలి.

అతను కాసేపు ఆలోచించి, ఇవన్నీ ఇప్పుడున్న వాటితోనే చేయొచ్చని, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత, "కానీ కొట్ల గురించి మాకు ఎవరూ చెప్పరు బావా. మా టెస్టింగ్‌లో ఒక యూజర్ అంటే ఒక లాగిన్, అంతే" అన్నాడు. వచ్చే సెలవుల్లో ఒక రోజు నాతో పాటు సర్వీసుకి రమ్మన్నాను. యార్డుకి సరుకు వచ్చే రోజుల్లో అయితే మంచిదని కూడా చెప్పాను.